ఎడమకే పోయే కారు

కారు మళ్ళీ ఎడమకే పోయింది. పోయి, పాత టైర్లు పేర్చి కట్టిన గోడకి ధడేల్మని గుద్దుకుంది.

"అయిపోయింది! నా కారు అయిపోయింది!" అని మా మనవరాలు కాళ్ళు నేలకేసి కొట్టింది.

మా మనవరాలికి అసలు పేరు ఒకటుంది కానీ, ఆ పేరుతో ఎవరూ పిలవరు. అందరికీ అది చిటపట. కాలిన పెనం మీద నీళ్ళు చల్లితే ఎలా ఉంటుందో, కోపం వస్తే దాని నోరు అలా ఉంటుంది. రోజుకి ఎన్నిసార్లు కోపం వస్తుందో నేను లెక్కపెట్టడం మానేశాను.

బొమ్మల షాపు వెనకాల బండ్లు పెట్టుకునే ఖాళీ జాగా ఉంది. ఆదివారం వస్తే షాపాయన అక్కడ సుద్దతో గీతలు గీసి, మలుపుల దగ్గర పాత టైర్లు పేర్చి, రిమోట్ కార్ల రేసులు పెడతాడు. నేను మనవరాలితో వెళ్ళి, ఒక మూల ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటాను.

చిటపటది టూరింగ్ కారు. నేలని రాసుకుంటూ పోతున్నట్టు బాగా కిందకి ఉంటుంది. లోపల ఒకటే మోటారు. ఆ ఒక్క మోటారే బెల్టులతో నాలుగు చక్రాల్నీ తిప్పుతుంది. అందులో ఒక్క చక్రం మొరాయించినా మోటారు మీద బరువు పడుతుంది.

ఆ సాయంత్రం జంటల రేసు. సగం ఒకరు నడపాలి, మిగతా సగం రెండోవాళ్ళు నడపాలి. నడపని మనిషి నారింజరంగు కోటు వేసుకుని మలుపు దగ్గర నిలబడాలి. ఎవరి కారు బోల్తాపడినా లేపి పెట్టాలి.

చిటపటకి జంట, పక్కవీధి నిదానం. ఆ పేరు కూడా పిల్లలు పెట్టిందే. "అన్నం తిన్నావా?" అని అడిగితే, వాడు "తిన్నాను" అనడం పూర్తయ్యేసరికి అడిగినవాళ్ళకి మళ్ళీ ఆకలేస్తుంది. కానీ చిటపట తన కారు చేతికిస్తే, మలుపుల్లో తిప్పడంలో వాడి తర్వాతే ఎవరైనా. పాపం, వాడికి సొంత కారు లేదు. ఇన్నాళ్ళూ కోటు వేసుకుని ఊళ్ళోవాళ్ళ కార్లన్నీ లేపి పెట్టాడే కానీ, రేసులో ఒక్కసారీ నడపలేదు. ఇదే మొదటిసారి.

వాడికి ఒక అలవాటుంది. కారు నేల మీద పెట్టే ముందు ఒక్కొక్క చక్రాన్నీ వేలితో తిప్పి చూస్తాడు. తిరిగిందా, ఆగిందా, ఏమైనా గీసుకుంటోందా అని చెవి పెట్టి వింటాడు.

"పరీక్ష అయిందా డాక్టర్‌గారూ?" అని చిటపట వెక్కిరిస్తుంది.

ఆ రోజు కూడా వాడు చక్రం మీద వేలు పెట్టబోయాడు. చిటపట కారు లాగేసుకుంది.

"ఇవాళ నీ డాక్టరీ వద్దు. ప్రాక్టీసుకి టైం లేదు" అంది.

అంతే. ప్రాక్టీసు మొదటి చుట్టులోనే కారు ఎడమకి లాగడం మొదలుపెట్టింది.

రిమోట్ మీద ఒక చిన్న మీట ఉంటుంది. ట్రిమ్ అంటారు దాన్ని. కారు ఒక పక్కకి లాగుతుంటే, ఆ మీటని రెండో పక్కకి కొంచెం జరిపితే తిన్నగా వెళ్తుంది. చిటపట దాన్ని కుడికి జరిపింది. చాల్లేదు. ఇంకా జరిపింది. కారు కాస్త తిన్నబడినట్టే పడి, వేగం పెంచగానే మళ్ళీ ఎడమకే పోయింది. లోపలి నుంచి కాలిన వాసన వచ్చింది. చిటపట మోటారు ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అమ్మా, ముందు ఆ చక్రాలు చూడు" అన్నాను.

"నువ్వుండు తాతయ్యా!"

ఉన్నాను. ఏం చేస్తాను!

చిటపట గిర్రున నిదానం వైపు తిరిగింది. "ఏం చేశావురా నా కారుని?"

"నేనా?"

"మరి నేనా? నిన్న సాయంత్రం ప్రాక్టీసుకని నీకిచ్చాను. చీకటి పడ్డాక తెచ్చిచ్చావు. ఇవాళ ఇలా ఉంది. ఎక్కడ గుద్దావు?"

"నేను... నిన్న... నాలుగు చుట్లు... తిప్పాను. బాగానే..."

"అబ్బా! వీడు చెప్పడం అయ్యేసరికి రేసు కూడా అయిపోతుంది!"

చుట్టూ ఉన్న పిల్లలు గొల్లుమని నవ్వారు. నిదానం చెవులు ఎర్రబడ్డాయి. వాడు నోరు తెరిచాడు, మూశాడు. మాట లోపలే ఉంది. బయటికి దారి ఇస్తేనా ఎవరైనా!

ఆ గోలకి షాపాయన వచ్చాడు. "ఏంటి? ఏంటి గొడవ?"

"వీడు నా కారు పాడుచేశాడంకుల్! స్టీరింగ్ పోయింది, మోటారు కాలిపోతోంది. చేసి, చెప్పకుండా తెచ్చిచ్చాడు!"

"ఏరా, గుద్దావా?"

"లే..."

"గుద్దితే గుద్దానని చెప్పాలి కదా. ఒకళ్ళ వస్తువు తీసుకుని పాడుచేసి, పైగా దాచడమా? మన ట్రాక్‌లో అలాంటివి కుదరవు. ఇవాళ్టికి కోటు తీసేసి బయట కూర్చో."

ఇక్కడ నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు చెబుతున్నా మండుతోంది. వాడు 'లేదు' అనబోయాడు. 'లే' దగ్గరే కోసేశాడా పెద్దమనిషి! ఇంకొక్క అక్షరం ఆగితే ఆయన షాపు ఏమైనా మునిగిపోతుందా?

నేను కుర్చీలోంచి లేచాను. "ఏమయ్యా... ఆ పిల్లాడి నోట్లోంచి... ఒక్క మాట... పూర్తిగా రానిచ్చావా?" అని అడిగాను. నేను కూడా గబగబా మాట్లాడే మనిషిని కాను. నా ప్రశ్న పూర్తయ్యేసరికి ఆయన షాపులోకి వెళ్ళిపోయాడు.

నిదానం నారింజరంగు కోటు విప్పాడు. విసిరికొట్టలేదు. చేతులు లోపలికి మడిచి, అంచులు కలిపి, చక్కగా నా కుర్చీ మీద పెట్టాడు. అప్పుడు చిటపట ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నువ్వు చూశావా?" అన్నాడు.

"ఏంటి చూసేది?"

"నేను పాడుచేస్తుంటే... చూశావా?"

"చూడక్కర్లేదు! తెలిసిపోతూనే ఉంది!"

వాడు చేతులు జేబుల్లో పెట్టుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చేదాకా చిటపట ఆపకుండా తిడుతూనే ఉంది. "నమ్మి ఇచ్చాను తాతయ్యా! నమ్మి! వేరేవాళ్ళయితే ముట్టుకోనిస్తారా? కొంచెమైనా సిగ్గుండక్కర్లేదా వాడికి?"

మా ఇంట్లో ముందుగది కుట్టుగది. మా కోడలు బట్టలు కుడుతుంది. ఆ రోజు ఏదో స్కూల్లో నాటకానికని ఊదారంగు తెర కుడుతోంది. ఎంత పెద్ద తెరంటే, గదంతా అదే. మిషను మీద మా కోడలి తల మాత్రం పైకి కనిపిస్తోంది.

"ఏమైంది మామయ్యగారూ? దీని మొహమేంటి అలా ఉంది?"

"కారు... బాగా లేదంట" అన్నాను.

"నిదానంగాడు పాడుచేశాడమ్మా!"

"వాడా? వాడు చీమని కూడా దారి అడిగి దాటుతాడే!" అంది మా కోడలు. మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

చిటపట కారు తీసుకుని గడప దగ్గర కూర్చుంది. బ్యాటరీ వైరు పీకేసింది. దారపుండల పెట్టె ఒకటి బోర్లించి, దాని మీద కారు పెట్టింది. చక్రాలు నాలుగూ గాల్లోకి లేచాయి. ఇక చేసేదేమీ లేక, ఒక్కొక్కటీ వేలితో తిప్పింది. ఎవరి అలవాటో గుర్తొచ్చిందో ఏమో, మూతి ముడుచుకుంది.

వెనక రెండూ జారినట్టు తిరిగాయి. ముందు కుడిది తిరిగింది. ముందు ఎడమది సగం తిరిగి ఆగిపోయింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ ఆగింది.

"దొరికింది! ఇక్కడే ఏదో విరగ్గొట్టాడు!"

పానాతో నట్టు విప్పి చక్రం బయటికి లాగింది. ఒక్కసారి దాని నోరు మూతపడింది.

చక్రం వెనకాల, ఇరుసు చుట్టూ, ఏదో బిగుతుగా చుట్టుకుని ఉంది. చిటపట లేచి, అమ్మ మిషను దగ్గర్నుంచి చిన్నకత్తెర, సూది తెచ్చుకుంది. సూదితో కాస్త పైకి లేపి, కత్తెరతో పుటుక్కున కోసింది. లాగుతుంటే వస్తూనే ఉంది, వస్తూనే ఉంది. చూస్తుండగానే అరచేతిలో చిన్న ఉండ అయింది.

చిటపట గుప్పిట మూసేసింది.

"ఏంటది?" అంది మా కోడలు మిషను మీద నుంచి.

"ఏం లేదు. దుమ్ము."

గుప్పిట మూసిందన్న మాటే కానీ, వేళ్ళ సందుల్లోంచి ఒక కొస బయటికి వచ్చి వేలాడుతోంది. నేను చూశాను. కానీ ఏమీ అనలేదు. దుమ్ముకి కొసలుంటాయా?

చక్రం బిగించి, కారు పట్టుకుని నడవలోకి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. కారు కింద పెట్టి వదిలింది. అది బాణంలా బయల్దేరి, ఒక్కసారిగా కుడికి తిరిగి, పూలకుండీకి గుద్దుకుంది.

దాని మొహం ఎలా వెలిగిపోయిందో చెప్పలేను. కారు పాడైతే ఎవరైనా సంతోషిస్తారా? ఇది సంతోషించింది.

"చూశావా తాతయ్యా! చూశావా! ఇంకా పాడయ్యే ఉంది! ఇందాక ఎడమకి, ఇప్పుడు కుడికి! స్టీరింగ్ మొత్తం విరగ్గొట్టేశాడు. నేను చెప్తే ఎవరూ నమ్మరు కదా!"

"అమ్మా" అన్నాను.

"ఏంటి?"

"ఇందాక అక్కడ... రిమోట్ మీద... ఏదో జరిపావు."

"అవును, ట్రిమ్ జరిపాను. ఎడమకి లాగుతుంటే మరి కుడికి జరపనా?"

"లాగడం పోయింది కదా ఇప్పుడు... జరిపింది... వెనక్కి జరిపావా?"

చిటపట రిమోట్ వంక చూసింది. చిన్న మీట కుడిపక్క కొసకి అతుక్కుని ఉంది. వేలితో మెల్లగా మధ్యకి తెచ్చింది. కారు మళ్ళీ వదిలింది.

నడవ ఈ చివర నుంచి ఆ చివర దాకా గీత గీసినట్టు వెళ్ళింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. మోటారు మీద చెయ్యి పెట్టి చూసింది. కాస్త గోరువెచ్చగా ఉందంతే.

కారులో ఇంకే లోపమూ మిగల్లేదు. నిదానం మీద వెయ్యడానికి ఇంకేమీ మిగల్లేదు.

చిటపట అక్కడే గొంతుక్కూర్చుని, గుప్పిట తెరిచి నా ముందు పెట్టింది. ఊదారంగు దారం. నలిగిపోయి, నల్లటి గ్రీజు అంటుకుని ఉంది. అయినా ఊదారంగే.

"ఈ రంగు దారపుండ అమ్మ ఇవాళ పొద్దున్నే విప్పింది" అంది. "అమ్మ బొత్తాల కోసం బజారుకి వెళ్ళినప్పుడు నేను కుట్టుగదిలో కారు నడిపాను. మిషను కాళ్ళ మధ్య నుంచి దూరుతుందో లేదో చూద్దామని."

మిషను చప్పుడు ఎప్పుడు ఆగిందో మేము గమనించలేదు. మా కోడలు గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆ గదిలో కారు వద్దు, నేల నిండా దారాలూ గుండుసూదులూ ఉంటాయి అని నీకు చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. చెప్పానా లేదా?"

"చెప్పావు."

"నీ సంగతి తర్వాత చూస్తాను. ఆ పిల్లాడి సంగతేంటి?"

చిటపట కళ్ళనిండా నీళ్ళు. "అక్కడ అందరి ముందూ అన్నాను కదా" అంది.

"అందరి ముందే అన్నావు" అన్నాను నేను.

అది ముక్కు చీది, లేచి, కారు చంకలో పెట్టుకుని పరుగు తీసింది. నేను అక్కడికి చేరేసరికి కొంచెం ఆలస్యమైంది కానీ, అసలు సంగతికి అందుకున్నాను.

షాపాయన బల్ల దగ్గర జంటల పేర్లు పిలుస్తున్నాడు. చేతిలో మైకు ఉంది.

"ఓహో, బాగుచేసుకొచ్చావా? శభాష్! పద, పద, కార్లు వరసలో పెడుతున్నారు."

"అంకుల్, నిదానం పాడుచెయ్యలేదు. నేనే చేశాను."

"సరేలే అమ్మా. అయిపోయిందిగా. రేసయ్యాక మాట్లాడుకుందాం."

"ఇప్పుడే మాట్లాడాలి."

"ఇప్పుడెక్కడ కుదురుతుంది? అందరూ వెయిటింగ్..."

"వాడిని పొమ్మన్నప్పుడు కుదిరింది కదా!" అని చిటపట అరిచింది. ఈసారి కోపం వేరే కోపం. "నేను అడగలేదు, నాది తప్పు. మీరు కూడా అడగలేదంకుల్! వాడు 'లేదు' అనబోతుంటే మీరు మాట్లాడేశారు. మీరు పెద్దవాళ్ళు కదా, మీరైనా ఆగొచ్చు కదా!"

షాపాయన ఏదో అనబోయి నా వంక చూశాడు. నేను తల ఊపాను. తల ఊపడానికి ఎక్కువ టైం పట్టదు కదా. ఆయన మైకు దాని చేతికిచ్చేశాడు.

"నిదానం నా కారు పాడుచెయ్యలేదు" అంది చిటపట మైకులో. "మా ఇంట్లో నేనే దారాల మీద నడిపాను. దారం చక్రానికి చుట్టుకుంది. వాడు చూస్తానంటే నేనే చూడనివ్వలేదు. చూడకుండానే వాడి మీద వేశాను. వాడి మాటని వెక్కిరించాను. మీరందరూ నవ్వారు."

ఎవరూ నవ్వలేదు.

రోడ్డుకి అవతల చెప్పుల షాపు మూసి ఉంది. దాని మెట్ల మీద నిదానం కూర్చుని ఉన్నాడు. వాడు ఇంటికి వెళ్ళలేదు. ఇక్కడ మైకులో మాట్లాడేది అక్కడికి వినబడుతుంది. వాడు లేచాడు. రోడ్డుకి ఇటూ అటూ చూశాడు. మళ్ళీ ఇటు చూశాడు. అప్పుడు దాటాడు. అంతమంది పిల్లలూ వాడు వచ్చేదాకా నోరు మూసుకుని నిలబడ్డారు.

"బాబూ, నేను అడగాల్సింది" అన్నాడు షాపాయన.

"అవును" అన్నాడు నిదానం. ఆ ఒక్క మాట మాత్రం ఆలస్యం కాలేదు.

చిటపట రిమోట్ చాపింది. "ముందు సగం నువ్వు నడుపు. మంచి సగం అదే. బ్యాటరీ ఫుల్లుగా ఉంటుంది."

వాడు తీసుకోలేదు. "నాకు... కోపం... ఇంకా పోలేదు."

"పోకపోతే ఉండనీ. కోపంగానే నడుపు. మలుపులో మాత్రం..."

"నాకు... తెలుసు."

రిమోట్ తీసుకున్నాడు. కారు చేతిలోకి తీసుకుని, మొదటి చక్రం మీద వేలు పెట్టాడు. పక్కన కళ్ళజోడు పిల్లాడు ఒకడు ఎర్రకారు పట్టుకుని, "అబ్బా, ఇంకెంతసేపు?" అన్నాడు.

"ఆగు" అంది చిటపట. "డాక్టర్‌గారు చూస్తున్నారు."

ఈసారి వెక్కిరింపు లేదు. నిదానం నాలుగు చక్రాలూ తిప్పాడు, విన్నాడు, కారు గీత మీద పెట్టాడు. నా కుర్చీ మీది నారింజరంగు కోటు తీసి చిటపట తొడుక్కుంది. మోకాళ్ళ దాకా వచ్చింది. అలాగే వెళ్ళి, అన్నిటికంటే పెద్ద మలుపు దగ్గర నిలబడింది.

రేసు మొదలైంది. తిన్నటి దారిలో నిదానం కారు వెనకబడింది. మలుపు రాగానే ఒక్కొక్క కారునీ దాటింది. ఎక్కడా తొట్రుపాటు లేదు. నీళ్ళు వంపు తిరిగినట్టు తిరుగుతోంది. నేను కూడా లేచి నిలబడి చూశాను.

చిటపట అవతల బోల్తాపడ్డ పచ్చకారుని లేపి పెడుతోంది. సరిగ్గా అప్పుడే వెనకాల టపామని చప్పుడు. ఎర్రకారూ నిదానం కారూ ఒకదానికొకటి తగులుకుని, రెండూ వెల్లకిలా పడ్డాయి.

"కావాలనే గుద్దాడు!" అని కళ్ళజోడు పిల్లాడు అరిచాడు. "నిదానంగాడు కావాలనే గుద్దాడు! చిటపటా, నువ్వు అక్కడే ఉన్నావుగా! చెప్పు, ఎవరు గుద్దారు?"

చిటపట నోరు తెరిచింది. పెనం మీద నీళ్ళు పడబోయే ముందు ఎలా ఉంటుందో అలా ఉంది మొహం. నిదానం తన జంట. కారు తనది. అందరూ దాని వంకే చూస్తున్నారు.

"నేను చూడలేదు" అంది.

అని, వంగి, ముందు ఎర్రకారు తీసింది. ఒక్కొక్క చక్రాన్నీ వేలితో తిప్పింది. చెవి దగ్గర పెట్టుకుని వింది. బాగానే తిరుగుతున్నాయి. నేల మీద పెట్టి వదిలింది.

తర్వాత తన కారు తీసింది. మిగతా కార్లు చుట్టూ జుయ్యిమని పోతున్నాయి. అందరూ "తొందరగా! తొందరగా!" అని అరుస్తున్నారు.

చిటపట నిదానంగా మొదటి చక్రం మీద వేలు పెట్టింది.